నర్సమ్మగారి నొప్పులు

అలివేలుమంగగారు ఆగమంటే గోదారి కూడా ఆగుతుందని మా లంకలో నవ్వుకునేవాళ్లం. ఆవిడ మా ఊరి నర్సు. నెలలు నిండుతున్న ఎవరికి నొప్పి వచ్చినా ఎడమ పక్కకి పడుకోబెట్టి, రెండు గ్లాసుల నీళ్లు తాగించి, పొట్ట మీద చెయ్యి వేసి వాచీ చూసేవారు. తోచినప్పుడొచ్చి తోచినప్పుడు పోతే దొంగనొప్పులని ఇంటికి పంపేసేవారు. నెలలు నిండకుండా లెక్కగా వస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగనిచ్చేవారు కాదు. ఆవిడ లెక్క ఏనాడూ తప్పలేదు. ఆ సంగతి ఆవిడకీ బాగా తెలుసు, అదే వచ్చిన చిక్కు.

పెళ్లయిన తొమ్మిదేళ్లకు ఆవిడ కడుపు పండింది. తొంభై తొమ్మిది జనవరిలో, పోలియో చుక్కల ఆదివారం నాటికి ఎనిమిదో నెల. నేను అంగన్‌వాడీ టీచర్ని, పక్క కుర్చీలో పిల్లల పేర్లు రాస్తున్నాను. చుక్కలు వేస్తూ వేస్తూ ఆవిడ బల్ల అంచు పట్టుకున్నారు.

“ఏంటండీ?” అన్నాను.

“ఏం లేదు రామతులసి గారూ, దొంగనొప్పులు. తర్వాతి పిల్లని రమ్మనండి.”

కాసేపటికి మళ్లీ. నీళ్లు తాగారు, లోపలికెళ్లి కాసేపు నడుం వాల్చి వచ్చారు. మళ్లీ బల్ల పట్టుకున్నారు. ఆసుపత్రికి వెళదామంటే, “నర్సు నేనా, మీరా?” అని కసిరారు. నాకు ఒళ్లు మండింది. ఈ పంతంలో పోయేది మాట కాదు, తొమ్మిదేళ్లు ఎదురుచూసిన బిడ్డ.

ఇక నోరు మూసుకుని, ఆవిడ బల్ల పట్టుకున్నప్పుడల్లా ఓ చీటీ మీద టైము రాశాను. పదకొండున్నరకి దాన్ని ఆవిడ ముందు పెట్టాను.

“ఎనిమిదో నెల ఆవిడండి. నొప్పులు ఇలా వస్తున్నాయి. సాయంత్రం దాకా చూడమంటారా?”

ఆవిడ పైనుంచి కిందకి చదివారు. “చూడటమేంటండీ! పది నిమిషాలకోసారి లెక్కగా వస్తుంటే! ముందు పంటు ఎక్కించి, గోదారి దాటించి పాలకొల్లు ఆసుపత్రికి తీసుకెళ్లమనండి. ఎవరావిడ?”

నేను ఆవిడ పొట్ట వంక చూశాను. వరసలో నిలబడ్డ తల్లులూ అటే చూశారు. ఆవిడ చీటీ వంక ఇంకోసారి చూసి, చుక్కల సీసా మా ఆయా చేతిలో పెట్టి, మెల్లిగా లేచారు.

పంటు మీద ఆవిడ నా చెయ్యి వదల్లేదు. “పొద్దున్నే అనుమానం వచ్చిందండి. నిజమని ఒప్పుకుంటే భయమేస్తుందని...” అన్నారు.

“భయపడండి, ఫర్వాలేదు. వాచీ నేను చూస్తాను.”

ఆసుపత్రిలో మందులిచ్చి నొప్పులు ఆపారు. ఇరవై రోజుల తర్వాత పుట్టిన ఆడపిల్ల వార్డంతా వినబడేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని అలివేలుమంగగారు కూడా ఏడ్చారు, పక్కన ఎవరున్నారో చూసుకోకుండా.