పెద్ద శెట్టిగారు వెనక్కి వచ్చిన రోజు

పోయినవాళ్ళు తిరిగి రారంటారు పెద్దలు. అబద్ధం. మద్రాసులో, చూలై పేటలో ఒక పెద్దాయన పోయి, పాడె మీద పడుకుని, డప్పులతో బయలుదేరి, మళ్ళీ తన వాకిట్లోకే వచ్చాడు. రప్పించింది నేను. మంత్రం వేసి కాదు, చీపురు పట్టుకుని. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. మీకు నవ్వొస్తే నవ్వండి. ఆ రోజు మాత్రం నేను నవ్వలేదు.

అప్పుడు నేను కార్పొరేషన్‌లో వీధి ఊడ్చేదాన్ని. నిజానికి ఆ ఉద్యోగం నాది కాదు, మా అత్త పోలమ్మది. ఆమె పెళ్ళైన నాటి నుంచీ ఊడ్చి ఊడ్చి, నడుము విల్లులా వంగిపోయి, ఆ ఏడు ఎండాకాలంలోనే కన్నుమూసింది. మేమున్న గది ఆమె ఉద్యోగంతో వచ్చిన గది. ఉద్యోగం ఎవరిదైతే గది వాళ్ళది. మా ఆయన దగ్గుతో మంచం పట్టి ఉన్నాడు. నన్ను అత్త చోట తాత్కాలికంగా, బదిలీ మనిషిగా పెట్టారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు తల నిలువుగా ఊపితే పర్మనెంటు. అడ్డంగా ఊపితే చీపురు ఇంకొకరికి, గది ఇంకొకరికి, మాకు రోడ్డు పక్క ప్లాట్‌ఫారం.

కార్తీక మాసం. ఆకాశం కొత్తగా విధవైన మనిషిలా ముసుగేసుకుని కూర్చుంది. పొద్దున్నే హాజరు దగ్గర మేస్త్రి నన్ను పిలిచాడు.

"పెంచలా, ఈయాళ ఇన్‌స్పెక్టరయ్య మీ వీధికి వస్తా ఉండాడు. వీధి అద్దం మాదిరి ఉండాల. తెలిసిందా?"

"ఎప్పుడొస్తాడు మేస్త్రీ?"

"పెద్దోళ్ళు నాకు చెప్పి వస్తారా? పోయి కసువు చిమ్ము, పో."

మేస్త్రి ఇంకొక్క మాట చెప్పి ఉంటే ఈ కథ లేదు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నా తలరాత చూడ్డానికే వస్తున్నాడనుకున్నాను.

ఇక చూడండి నా ఊడ్పు! దుమ్ముకు కూడా సిగ్గేసేలా ఊడ్చాను. ముందురోజు ఆ వీధిలో పెళ్ళి. ఎంగిలి విస్తళ్ళు గుట్టలుగా పడి ఉన్నాయి. చెత్త ఎత్తుకుపోయే ఎద్దులబండి రాలేదు, ఎద్దుకు కాలు వాచిందట. ఎద్దుకు కాలు వాస్తే నా కడుపు మాడాలా? చెత్తంతా గంపలకెత్తి పక్క సందులో పోశాను. కంటికి కనబడని చెత్త చెత్తే కాదని అప్పట్లో నా సిద్ధాంతం. వీధికి రెండు పక్కలా బ్లీచింగ్ పౌడరు ముగ్గులా వేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాను. అద్దమే!

అప్పుడు శంఖం ఊదారు.

బట్టల వ్యాపారం చేసే పెద్ద శెట్టిగారు తెల్లవారుజామున పోయాడు. ఏడుపులు వింటూనే ఊడ్చాను. చావు వాళ్ళది, వీధి నాది. పాడె లేచాక గానీ నాకు అసలు సంగతి తట్టలేదు. పురసవాక్కం నుంచి వాళ్ళు పూలు తెప్పించారు. ఒక గంప కాదు, ఒక బండి. బంతి, రోజా, చామంతి. మా అత్తకు మేం వేసింది మూరెడు కనకాంబరాలు.

మద్యనిషేధం అమలులో ఉన్న రోజులవి. పూలు చల్లే మనిషికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. ఊగుతూ, దోసిళ్ళతో కుమ్మరిస్తున్నాడు.

"అన్నా, రవ్వంత తక్కువ చల్లన్నా. ఇన్‌స్పెక్టరు వస్తాడు" అని బతిమాలాను.

"రానీ! ఆయనకీ చల్తా!" అని ఒక దోసెడు నా నెత్తిన పోశాడు.

అతను చల్లడం, నేను చిమ్మడం. పాడె వెనకే చీపురు. నా దుమ్ముకు ఏడ్చేవాళ్ళు దగ్గుతున్నారు, దగ్గేవాళ్ళకు కన్నీళ్ళొస్తున్నాయి. అంతలో శెట్టిగారి పెద్దకోడలు గడపలోంచి అరిచింది.

"ఏమ్మే! మనిషి గడప దాటిన ఎంటనే చిమ్మతా ఉండావే! ఎంట చిమ్మితే పోయినోళ్ళు తిరిగి రారని మీ అమ్మ చెప్పలేదా?"

అనేసి ఆవిడే ఆగిపోయింది. నేనూ ఆగాను. తిరిగి వస్తేనే కదా తంటా అని ఇద్దరికీ ఒకేసారి తట్టినట్టుంది.

లోపల శెట్టెమ్మగారు ఏడుస్తోంది. వాన పడేలా ఉందని, ఆమె సొమ్మసిల్లి ఉండగానే పాడె ఎత్తేశారట. ఆడవాళ్ళు కాటికి పోరు. "ఒక్క తూరి చూడనీండ్రా, మొగం చూడనీండ్రా" అంటోంది. నాకు వినబడింది. నా చీపురుకు వినబడలేదు.

నేను పాడె దాటి ముందుకు పరిగెత్తాను. డప్పుల వాళ్ళలో ముందు నడిచేది మా గదుల లైన్లోని మునెయ్య మామ. మా అత్త చావుకు డప్పు కొట్టిందీ ఆయనే.

"మామా, ముందర పైపుకు తవ్వుండారు. పాడె పోదు. ఈ పక్క సందులో తిప్పు."

"పొద్దున ఆ దోవనే వస్తిని గదే. ఏడ తవ్వినారు?"

"ఇప్పుడే మామా. బిన్నా, గబగబా తవ్వేసినారు."

"కార్పొరేషనోళ్ళా? బిన్నానా?" మునెయ్య మామ డప్పు ఆపి నా ముఖంలోకి చూశాడు. "నీ మొగం చూస్తే అబద్ధం మాదిరే ఉండాది."

అయినా తిప్పాడు. అత్త పోయినప్పటి నుంచీ నేనంటే ఆయనకు జాలి. ఆ జాలే కొంప ముంచింది. డప్పులు, నిప్పుకుండ, పాడె, పూలు, జనం మొత్తం సందులోకి దూరారు. నేను రెండు దోసిళ్ళ పూలు ఊడ్చి వీధి వైపు చూశాను. అద్దం! గుండెల నిండా గాలి పీల్చుకున్నాను.

ఆ గాలిలో ఎంగిలాకుల వాసన వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది, సందులో నేనేం పోశానో.

"పట్టు పట్టు! జారతా ఉండాది!"

"అయ్యయ్యో, పాడె వాలిపోయె!"

"ఎవడ్రా ఆవును ఈడ కట్టింది?"

"కట్టలేదు సామీ, బోజనానికి వచ్చుండాది!"

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, మోసేవాళ్ళకు ముందు ఆవు, వెనక ఊరు. కాళ్ళ కింద పెళ్ళి విస్తళ్ళు. చావు ముందు ఆవును కొట్టరాదని ఒకరు, కొట్టకపోతే మనమే చస్తామని ఒకరు. ఆవు మాత్రం తలెత్తి, పాడె మీది బంతిపూల దండను తాపీగా లాక్కుని నమిలింది. పెద్ద శెట్టిగారు బతికుండగా ఎవరికీ ఏదీ ఊరికే ఇచ్చిన మనిషి కాదని వాడుక. చచ్చాక ఆ మాట పోగొట్టుకున్నాడు.

సందులో పాడె తిరగదు. అందరూ వెనక్కి నడవడం మొదలుపెట్టారు. వెనక్కి నడిచే శవానికి ఏ దరువు కొట్టాలో మునెయ్య మామకు తెలియదు కాబట్టి డప్పులు ఆగిపోయాయి. పాడె తిప్పాలంటే వెడల్పైన చోటు కావాలి. ఆ వీధిలో వెడల్పైన చోటు ఒకటే, శెట్టిగారి వాకిలి. తెచ్చి అక్కడే దించారు.

పాడె ముందు కొమ్ము మోసినాయన నా వైపు వచ్చాడు. చొక్కా లేదు, తడిపంచె, మోకాలికి అతుక్కున్న విస్తరి ముక్క, దాని మీద ఇంకా కాస్త పప్పు.

"ఈ వీధి ఎవురు చిమ్మేది?"

ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో మేస్త్రి పక్కనే ఉన్నాడు. ముఖం బ్లీచింగ్ పౌడరు. "పెంచలమ్మ సామీ" అని, నా చెవిలో, "దండం పెట్టవే! ఇన్‌స్పెక్టరయ్య!" అన్నాడు.

"ఏడ?"

"ఈయనే! పోయింది ఆయన మేనమామ. వస్తాడని పొద్దున్నే చెప్పినా గదా!"

"వీధికని చెప్పినావు మేస్త్రీ. సావుకని చెప్పలేదు."

ఇన్‌స్పెక్టరయ్యను ఎప్పుడూ ఖాకీ చొక్కాలో, టోపీతో, సైకిలు మీదే చూశాను. టోపీ తీస్తే వాళ్ళకూ మేనమామలుంటారని నాకేం తెలుసు? ఆయన నోరు తెరిచాడు. నా గది, మా ఆయన మంచం, పొయ్యి, కుండలు అన్నీ ఆ నోట్లో పడబోతున్నాయి.

అప్పుడు శెట్టెమ్మగారు బయటికి వచ్చింది. ఆపడానికి ఎవరికీ చేతులు రాలేదు. పాడె పక్కన కూలబడి, శెట్టిగారి చెంప మీద అతుక్కున్న మెతుకును కొంగుతో తుడిచింది. పక్కకు జరిగిన తల గుడ్డను సరిచేసింది.

"వచ్చినావా" అంది. అంతే.

సన్నగా తుంపర మొదలైంది. ఆమె తలెత్తి మేనల్లుణ్ణి చూసింది.

"నాయనా, ఆ పిల్లను ఏమీ అనొద్దు. మీరు చూడనీలేదు. అది చూపించింది."

రెండోసారి పాడె వీధి వెంబడే పోయింది, పూలు కుమ్మరించుకుంటూనే. మలుపు తిరిగేదాకా నేను చీపురు ఎత్తలేదు.

ఇంటికొచ్చి కుండలు మూటగట్టి పెట్టుకున్నాను. మా ఆయన అడిగితే దులుపుతున్నానని చెప్పాను. అలా భయంతో బతుకుతుంటే ఒక పొద్దున మేస్త్రి వచ్చాడు.

"పర్మనెంటు చేసినాడమ్మే!"

ఏడుపొచ్చింది. "అదే వీధేనా మేస్త్రీ?"

మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. "కాటి దోవ. ఇన్‌స్పెక్టరయ్యే చెప్పినాడు, 'శవాలకు దోవ చూపించే సరదా ఉండాది గదా, ఆడనే ఉండనీ' అని."

పూలు తప్పించుకోబోయి పూలగంపలో పడ్డట్టయింది. ఊరి పూలన్నీ నా దారిలోనే రాలేవి. ఎండాకాలం మల్లెలు, వానల్లో చామంతులు. గది మాత్రం మిగిలింది. మా ఆయన ఆ గదిలోనే, కప్పు కిందే పోయాడు. ఆయన పాడె కూడా నా దారినే వచ్చింది. ఆ పూలు మాత్రం వెంటనే ఊడవలేదు.

కాబట్టి నన్ను ఇన్నాళ్ళు పోషించిన చీపురు మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ శవానికీ దారి చెప్పను, చెత్త దాచను, ఆవుకు ఉచిత భోజనం పెట్టను. నా వంతు వచ్చిననాడు నన్ను ఏ సందులో తిప్పినా సరే, నోరెత్తను.