గోలుకు కట్టిన చీరలు

రాసుకో బిడ్డా, ఒమాన్ దేశం సోహార్‌లో మీ అక్క ఫుట్‌బాల్ సంగతి మీ నానమ్మను చెప్తున్నా. వాళ్ల కోచ్ ఇంగ్లండు ఆమె. ఎన్నో దేశాల్లో ఆడి, ఇప్పుడు ఇక్కడి ఆడపిల్లలకు నేర్పిస్తోంది. గ్రౌండు కంచె పక్కనే మీ నాయన పనిచేసే బిల్డింగుల కంపెనీ బస్సు ఆగుతుంది. డ్యూటీ దిగినవాళ్లు అక్కడే నిలబడి ఆట చూడటం మీ నాయన కంటబడింది.

"ఇగ పోవద్దు. అందరి ముందట నిక్కరేసుకొని ఉరుకుడేంది?" అన్నాడు.

మీ అక్క అన్నం ముట్టలేదు. మర్నాడు నేను మీ అక్కను వెంటబెట్టుకొని, నా పాతచీరలు తీసుకెళ్లి కంచె పొడవునా అడ్డం కట్టాను. ఊళ్లో స్నానానికి దడి లేకపోతే అట్లాగే కట్టుకునేవాళ్లం.

కోచ్ చూసి ఏదో అంది. మీ అక్క నాకు తెలుగులో చెప్పింది: "నానమ్మా, మేడమ్‌ను గూడ చిన్నప్పుడు దాసుకొని ఆడమన్నరంట. ఒక్కనాడు గూడ దాసుకోలేదంట."

ఆమె దాచుకోకపోతే నా మనుమరాలెందుకు దాచుకోవాలని నాకు రోషం వచ్చింది. చీరలన్నీ విప్పేశాను. వల లేని గోలు స్తంభాలకు పిల్లలూ నేనూ కలిసి వాటినే వలగా కట్టాం.

సాయంత్రం మీ నాయన బస్సు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, గవి నీ చీరలేనా?"

"నావే. సూస్తే సూడు, లేకుంటే ఇంటికి వో. పిల్ల మాత్రం ఆడుతది."

అప్పుడే మీ అక్క కొట్టిన బంతి నా ఎర్రచీరలో పడింది. ఒక ముడి ఊడిపోయింది. మీ నాయన స్తంభం దగ్గరికి నడిచాడు.

"గిదేం ముడే అమ్మా? సైట్ల పరంజ గిట్ల కడితే మనుషులు కింద వడ్తరు," అని తానే బిగించి కట్టాడు.