ఎడమ చేతి కొత్త గాజులు

1984. ఇచ్చోడ దగ్గరి ఒక పల్లెలో, సబ్ సెంటర్లో నేను ఏఎన్ఎంని. అంటే గర్భిణులను, పసిపిల్లలను చూసుకునే నర్సుని. ఇంట్లోనే మా బాపు, అంటే నాన్న, దగ్గర చదువుకొని, ప్రైవేటుగా మెట్రిక్ రాసిన నాకు దేవుడిచ్చిన కొలువది.

గంగమణిని ఆమె అత్త రాజవ్వ నెలనెలా ఏఎన్సీకి, అంటే కాన్పుకు ముందు చేసే పరీక్షకు, తీసుకొచ్చేది. ఏమడిగినా అత్తే జవాబు చెప్పేది. బీపీ పట్టీ కట్టేటప్పుడల్లా నాకొకటి వింతగా తోచేది. గంగమణి కుడి చేతికి రంగు పోయిన పాత గాజులు, ఎడమ చేతికి ఎప్పుడూ కొత్తవే.

"ఒక్క చేతికే మార్పిస్తవేందవ్వా?" అన్నాను.

"పనిల పగుల్తయమ్మా. కడుపుతోనున్న పిల్ల, చెయ్యి బోసిగ ఉండద్దు గదా" అంది రాజవ్వ, నా ముఖంలోకే చూస్తూ.

పని చేసేది కుడి చెయ్యి కదా, పగిలేవి ఎడమవేమిటి? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. బరువు, వాపు, రక్తం చూడమని ట్రైనింగ్‌లో నేర్పారు. ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా అని అడగమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

అత్త మీదే నా అనుమానం. మరుసటి నెల, కడుపు పరీక్షకు లోపల ఎవరూ ఉండొద్దని ఆమెను బయట కూర్చోబెట్టి అడిగాను. "ఇంట్ల ఎవరన్న చెయ్యి చేసుకుంటున్నరా బిడ్డా?"

గంగమణి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "మా ఆయన. ఈ ఎడమ చెయ్యే ఎన్కకు మెలిపెట్టి గుద్దుతడు. నిన్న కడుపుల తన్నిండు. బిడ్డ కదుల్తలేదు సిస్టరమ్మా."

ఫీటోస్కోపు, అంటే కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినే గొట్టం, పెట్టి చెవి ఆనించాను. దేవుడి దయ, వినబడింది.

తలుపు తీస్తే ఎదురుగా రాజవ్వ. "చెప్పిందా?" అంది.

"చెప్పింది."

"ఇన్ని నెలలు తోల్కొస్తున్న, ఆ గాజులు చూసి నువ్వే అడుగుతవేమో అని. కన్నకొడుకు సంగతి నా నోటితోని ఎట్ల చెప్పాలె? వాడు నా మాట ఇనడు. నువ్వు చెప్తె ఇంటడు. జర పిల్లను తల్లిగారింటికి పంపియ్యి."

ఆ పూటే వాళ్లింటికి వెళ్లాను. గంగమణి చెప్పిందేదీ ఆమె భర్త మల్లేశ్ దగ్గర ఎత్తలేదు. "కడుపుల బిడ్డ నెమ్మది లేదు. ఆదిలాబాద్ పెద్ద దవాఖాన్ల చూపియ్యాలె. కాన్పు దాక ఆడనే తల్లిగారింట్ల ఉండాలె" అన్నాను. అందులో అబద్ధమూ లేదు.

"మరి ఇంట్ల పనెవలు చేస్తరు?" అన్నాడు.

"నేను సచ్చిన్నా?" అంది రాజవ్వ, అప్పటికే కోడలి బట్టలు మూట కడుతూ.

గంగమణి పుట్టింట్లో క్షేమంగా ఆడపిల్లను కన్నది. మల్లేశ్ తీసుకురావడానికి బయలుదేరితే, ఇప్పుడే పంపొద్దని వియ్యంకులకు ముందే కబురు పెట్టింది రాజవ్వేనట.

ఆ తర్వాత నేను ప్రతి గర్భిణినీ ఒంటరిగా కూర్చోబెట్టి అడిగాను. వెంట వచ్చిన మనిషినీ విడిగా అడిగాను. చెప్పలేక నా దాకా నడిచొచ్చేవాళ్లు కూడా ఉంటారని చూపించిన రాజవ్వకు, పూజలో కూర్చున్నప్పుడు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.