ఇట్ అంటే ఎవరండీ?

తొంభైల చివర్లో నేను అమలాపురంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. మా ఇంగ్లీషు మేడం అనంతపురం వైపు నుంచి ఆ ఏడే వచ్చారు. నెమ్మది మనిషి. ఆవిడ గొంతు వింటుంటే మధ్యాహ్నం పూట కళ్ళు తెరిచి ఉండగానే కలగన్నట్టుండేది.

ఆషాఢంలో ఒకరోజు మా చేత వాన గురించి ఇంగ్లీషులో రాయించారు. మర్నాడు దిద్ది తెచ్చిన కాగితాల నిండా ఎర్ర సిరానే. "ది" ఉండాల్సిన చోట లేదు, అక్కర్లేని చోట ఉంది. చిన్నప్పటి సంగతులన్నీ ఇప్పుడే జరుగుతున్నట్టు రాశాం. అవన్నీ వదిలేసి, దాదాపు అందరం రాసిన వాక్యాన్ని ఆవిడ బోర్డు మీద పెట్టారు: రెయిన్ ఈజ్ కమింగ్.

"వాన వస్తోందని తెలుగులో అనుకుని రాసేశారు. ఇట్ ఈజ్ రెయినింగ్ అనాలి."

నా పక్కన కూర్చునే రాజోలు అమ్మాయి లేచింది. "మేడం గారండీ, ఆ ఇట్ అంటే ఎవరండీ?"

"ఎవరూ కాదమ్మా. ఇంగ్లీషు వాక్యంలో ఆ చోటు ఖాళీగా ఉండకూడదు, అంతే. అర్థమైందా?"

"ఆయ్, అర్థమైందండి. కానీ మా వేపు నిజంగానే వస్తాదండి. ముందు చప్పుడు, తర్వాత వాసన, ఆ తర్వాతండి వాన."

క్లాసంతా నవ్వింది. మేడం నవ్వలేదు.

ఆ వారంలోనే, మేడపై గదిలో ఆఖరి పీరియడ్ జరుగుతుండగా ఎక్కడో దూరంగా ఎండుటాకులు ఈడ్చినట్టు చప్పుడైంది.

"వినపడతందా అండీ?" అంది రాజోలు అమ్మాయి మెల్లగా.

మేడం సుద్దముక్క పెట్టేసి కిటికీ దగ్గరికి వచ్చారు. మేమూ వెనకే చేరాం. కింద ఆవరణలో ఇంకా ఎండ ఉంది. దూరాన వరిచేలు తెల్లబడ్డాయి. దక్షిణం నుంచి కొబ్బరితోటలు ఒక్కో వరసా మసకబారి మాయమవుతున్నాయి. మట్టి వాసన గదిలోకి వచ్చింది.

"నిజమే... వస్తోంది," అన్నారావిడ, తెలుగులో.

పరీక్షల్లో మేమంతా ఇట్ ఈజ్ రెయినింగ్ అనే రాశాం, మార్కులూ వచ్చాయి. ఆ సాయంత్రం మాత్రం బెల్లు కొట్టినా ఎవరమూ కదల్లేదు. చివరికి బయల్దేరబోతే మేడంకి గొడుగు లేదు. రాజోలు అమ్మాయి తన గొడుగు పట్టింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూ బస్టాండు వైపు వెళ్ళారు. కాసేపటికి ఆ తెల్లటి వానలో గొడుగు కూడా కనపడలేదు.