జాకెట్టు కొలతలకొచ్చిన సిస్టర్

నా జాకెట్టు నాకే వదులైన రోజున మొదటిసారి అనుమానం వచ్చింది. తెనాలిలో మా వీధి మొగలో చిన్న షాపు పెట్టుకుని ఆడవాళ్ళ జాకెట్లు కుట్టడం నా పని. ఊళ్ళో ఎందరి కొలతలో నాకు నోటికి వచ్చు, ఇక నా కొలత నాకు తెలియదా. బంధువుల పెళ్ళికని తీసి తొడుక్కుంటే భుజం జారిపోతోంది. గుడ్డ సాగిందేమో అనుకుని పక్కలకు ఒక కుట్టు లోపలికి వేశాను. నెల తిరక్కుండా మళ్ళీ వేయాల్సి వచ్చింది. అప్పుడు టేపు తీసి నా చుట్టూ నేనే పట్టుకుని చూశాను. సాగింది గుడ్డ కాదు, తగ్గింది నేను.

అప్పటికే సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. దగ్గు ఉండేది. మిషను తొక్కుతుంటే ఆయాసం. మా వీధి ఆర్‌ఎంపీ గారు "సీజను మారింది కదమ్మా, ఇంజెక్షన్లు చేస్తే సర్దుకుంటుంది" అన్నారు. చేశారు, సర్దుకోలేదు. మా ఆయన లారీ మెకానిక్కు. ఇంజను శబ్దం విని రోగం చెప్పే మనిషి, నా దగ్గు విని వదిలేస్తాడా. ఒక రోజు పని మానుకుని నన్ను ఛాతీ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాడు.

డాక్టరుగారు ఎక్స్‌రే లైటుకి పెట్టి చూసి, "పైన మచ్చ ఉందమ్మా. కళ్ళె తీసి స్పుటం టెస్టు చేయిస్తేగానీ చెప్పలేను" అన్నారు. చేయించాం. పాజిటివ్.

"టీబీ. ఆరు నెలలు మానకుండా వాడితే పూర్తిగా పోతుంది. గవర్నమెంటు ఆస్పత్రిలో డాట్స్ అని ఫ్రీగా ఇస్తున్నారు. నా దగ్గర కొనుక్కోవద్దు, అక్కడికే వెళ్ళు" అన్నారు. ఆ మాట అన్నందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

ఆయన "పోతుంది" అన్నది నాకు వినబడలేదు. "టీబీ" ఒక్కటే వినబడింది. నా పని చూడండి. కొలత తీసుకునేటప్పుడు మనిషికీ మనిషికీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. ఈ జబ్బుందని తెలిస్తే నన్ను ఎవరు దగ్గరికి రానిస్తారు? నేను కుట్టిన జాకెట్టు ఎవరు తొడుక్కుంటారు? తెనాలి పెద్దాసుపత్రి క్యూలో నిలబడితే ముందొక కస్టమరు, వెనకొక కస్టమరు. అందుకని నేనొక ఉపాయం చేశాను. రేపల్లెలో మా అమ్మ చెల్లెలు ఉంది, మేం ఖాలా అంటాం. ఆవిడ ఇంటి అడ్రసు చెప్పి రేపల్లె ఆస్పత్రిలో పేరు రాయించుకున్నాను.

"ఇంటి పక్కన ఆస్పత్రి పెట్టుకుని అంత దూరం దేనికే?" అన్నాడు మా ఆయన.

"మీ లారీలకి నోరు లేదండి. నా కస్టమర్లకి ఉంది" అన్నాను.

ఇప్పటికీ చెబుతున్నాను, నా భయం ఉత్త భయం కాదు. అంత భయానికీ కారణాలున్నాయి.

వారానికి మూడు రోజులు, రోజు మార్చి రోజు, పొద్దున్నే రేపల్లె ప్యాసింజరు ఎక్కేదాన్ని. షాపులో ఉంటే కొంగు తలమీద వేసుకునేదాన్ని. బురఖా పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ మాత్రమే బయటికి తీసి వేసుకునేదాన్ని. ఆ రోజుల్లో రైల్లో అదే వేసుకునేదాన్ని, ముఖం దాచుకోవడానికీ దగ్గుకి అడ్డం పెట్టుకోవడానికీ అక్కరకొచ్చింది. జంపని, వేమూరు, భట్టిప్రోలు దాటుతుంటే కిటికీలోంచి పొలాలు చూస్తూ, ఎవరైనా పలకరిస్తారేమోనని బిగుసుకుని కూర్చునేదాన్ని.

సుగుణ సిస్టర్ అక్కడ పరిచయమైంది. సొంతూరు బాపట్ల. కాంట్రాక్టు స్టాఫ్ నర్సు. మొదటి రోజే బీరువాలోంచి ఒక మందుల పెట్టె తీసి, దాని మీద నా పేరు రాసి చూపించింది. "ఇది నీ పెట్టె. ఆరు నెలల మందూ ఇందులోనే ఉంది. మంత్రిగారి బామ్మర్ది వచ్చినా ఇందులోంచి ఒక్క బిళ్ళ ఇవ్వను. స్టాకు అయిపోయింది రేపు రా అనే మాట నీకు చెప్పను" అంది. మందులు తన ఎదురుగానే మింగాలి. కడుపులో తిప్పేది. మూత్రం నారింజ రంగులో పోతే హడలిపోయాను. "మందు పనిచేస్తోందని గుర్తు, భయపడకు" అంది. నేనేం పని చేస్తానో అడిగి, "కొన్నాళ్ళు నోటికి గుడ్డ కట్టుకో. ఎవరి ఒంటి మీదా టేపు పెట్టకు. ఆది జాకెట్టు తెమ్మను, దాన్నిబట్టి కుట్టు" అని చెప్పింది. అలాగే చేశాను. దుమ్ము పడటం లేదని కస్టమర్లకి చెప్పుకున్నాను.

సిస్టరుకి రాజకీయాలంటే ఊపిరి. బడ్జెట్ వచ్చిన మర్నాడు పేపరు మందు కోసం మేం కూర్చునే బల్ల మీదే పరిచి చదివేది. "ఈ మందుల పెట్టె ఆలోచన ఎవరిదోగానీ వాళ్ళకి దండం పెట్టాలి" అనేది. అంతలోనే ఇంకో పేజీ తిప్పి, "బిల్డింగుకి ఇస్తారు, మెషీనుకి ఇస్తారు. రిబ్బను కట్ చేసుకోవచ్చు కదా. నర్సు పోస్టుకి రిబ్బను కట్టడం కుదరదు, అందుకే ఇవ్వరు" అనేది. మందు మింగడానికి వచ్చినవాళ్ళం నవ్వేవాళ్ళం. "నవ్వకండి. పెట్టె మీద మీ పేరు ఇంకుతో రాశాను. నా పేరు మాత్రం పెన్సిలుతో రాసినట్టు ఏడాదికోసారి చెరిపి రాస్తారు" అంది ఒకసారి.

ఒక రోజు ఆస్పత్రికి నియోజకవర్గ నాయకుడొకాయన వచ్చారు. ఎవరో పెద్ద నాయకుడి పుట్టినరోజట, రోగులకు బత్తాయిలు, బ్రెడ్డు పంచుతున్నారు. వెంట పేపరు ఫొటోగ్రాఫరు. నేను బల్ల మీద దొరికిపోయాను. నాయకుడుగారు బత్తాయి నా చేతిలో పెడుతుంటే ఫొటోగ్రాఫరు, "అమ్మా, ముఖం కొంచెం కనబడనీయండి" అన్నాడు. జిల్లా పేపరు తెనాలికీ వస్తుంది. మా వీధి టీకొట్టులో అందరూ చదివేది అదే.

సిస్టర్ చటుక్కున మధ్యలోకి వచ్చి నిలబడింది. "ఫొటో వద్దండి. వీళ్ళు మందు మింగడానికి వచ్చారు, పేపర్లో పడటానికి కాదు. కావాలంటే నన్ను తియ్యండి" అంది. నాయకుడుగారి పక్కనున్నవాళ్ళు ముఖాలు చిట్లించారు. ఆవిడ పట్టించుకోలేదు.

"సార్, బత్తాయిలు సంతోషమండి. మీ మాట చెల్లుతుంది కాబట్టి ఒకటి అడుగుతున్నా. ఈ బిళ్ళలు మింగడానికి వీళ్ళు కూలి మానుకుని వస్తున్నారు. ఓపీ కంటే గంట ముందే ఈ గది తెరవడానికి పర్మిషన్ ఇప్పించండి. గంట ముందొచ్చేది నేనే."

"నీదే కాంట్రాక్టు ఉద్యోగం కదమ్మా, నీకెందుకీ తిప్పలు?" అన్నారాయన నవ్వుతూ.

"కాంట్రాక్టు నాకండి. జబ్బుకి కాదు కదండి."

ఆయన నవ్వు ఆపి ఆవిడ వంక చూశారు. మంచి మాట దాచకూడదు, కొద్ది రోజుల్లోనే గది ముందుగా తెరవడం మొదలైంది. కూలికి పోయేవాళ్ళు మందు మింగి పనికి అందుకునేవాళ్ళు. ఒక నర్సు నాయకుణ్ణి నిలబెట్టి పని చేయించుకోవడం నేను చూడటం అదే మొదలు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. ఒక రోజు బండి రద్దయింది. మర్నాడు వెళ్ళొచ్చు. కానీ దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది, షాపులో పెళ్ళిళ్ళ జాకెట్లు కుప్ప పడి ఉన్నాయి. ఒకసారి మానేస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. అలా ఇంకో డోసు కూడా పోయింది.

ఆ శనివారం మధ్యాహ్నం షాపులో ఇద్దరు కస్టమర్లుండగా సుగుణ సిస్టర్ వచ్చింది. తెల్లచీర లేదు, మామూలు నూలు చీర. చేతిలో జాకెట్టు గుడ్డ. నన్ను ఎప్పుడూ చూడనట్టే, "జాకెట్టు కుట్టాలండి" అంది.

"ఆది జాకెట్టు తెచ్చారా?" అన్నాను.

"లేదండి. ఒంటి మీదే తీసుకోండి."

టేపు పట్టుకుని దగ్గరికి వెళ్ళాను. భుజం కొలుస్తుంటే నా చెవిలో, "రెండు డోసులు ఎందుకు మానేశావు?" అంది. "రేపల్లెలో మీ పిన్నిగారింటికి వెళ్ళాను. ఆవిడ చెప్పింది నీ ఊరూ, షాపూ. బాపట్ల వెళ్తూ ఇక్కడ దిగాను. పర్సులో నీ మందులున్నాయి. వీళ్ళు వెళ్ళాక మింగుదువుగాని." ఆ కస్టమర్లు కదిలేదాకా నా స్టూలు మీద కూర్చుని మెడ ఎంత లోతు పెట్టాలి, చేతులు ఎంత పొడవుండాలి అని బేరమాడుతూనే ఉంది. వాళ్ళు వెళ్ళాక గ్లాసుతో నీళ్ళు తానే తెచ్చి ఇచ్చింది. మింగాను. ఏడుపొచ్చేసింది. నా జబ్బు తెలిసిన మనిషి, నా చేతికి తన ఒళ్ళు అప్పజెప్పి నిలబడింది. ఇంతకంటే గౌరవం నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

అయినా మానేసినందుకు ఫలితం పడింది. మళ్ళీ స్పుటం చేస్తే ఇంకా పాజిటివే. "ఇంకో నెల ఇదే డోసు పొడిగించాలి. మళ్ళీ మానితే ఈ మందులకు లొంగని టీబీ అవుతుంది, అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు" అన్నారు ఆస్పత్రి డాక్టరుగారు.

సిస్టర్ నన్ను పక్కకు పిలిచింది. "నీ పెట్టె తెనాలికి మారుస్తాను. రూల్సు ఒప్పుకుంటాయి. మీ వీధిలో అంగన్‌వాడీ టీచరు ఉంటుంది కదా, ఆమె చేతైనా ఇప్పించొచ్చు. వానొచ్చినా ఆగదు."

"వద్దు సిస్టర్. తెలిస్తే నా షాపు మూసుకోవాల్సిందే."

"సరే. నీ ఇష్టం లేకుండా మార్చను" అంది. ఆ మాట మీద నిలబడింది కూడా.

కొన్ని వారాలకి నేను వెళ్ళేసరికి ఆస్పత్రి గేటు ముందు టెంటు. కాంట్రాక్టు నర్సులు రిలే నిరాహార దీక్షలో కూర్చున్నారు. నెలల తరబడి జీతాలు రాలేదట, ఉద్యోగాలు రెగ్యులర్ చేయాలట. సుగుణ సిస్టర్ ముందు వరసలో ఉంది. నా మందు సంగతేంటని హడలిపోయాను. ఆవిడ నన్ను చూసి లేచి, టీబీ గది తాళం తీసి, నా చేత మింగించి, మళ్ళీ వెళ్ళి కూర్చుంది. "వంతులేసుకున్నాం. ఈ గదీ, క్యాజువాలిటీ ఆపం" అంది. ఒంటి మీద నేను కుట్టిన జాకెట్టే ఉంది.

నేను బయటికొచ్చేసరికి ఒక పెద్దమనిషి విలేఖరితో చెబుతున్నాడు, "వీళ్ళ జీతాల కోసం రోగుల ప్రాణాలు తీస్తున్నారండి. టీబీ వాళ్ళకి మందులే లేవంట."

"గది తెరిచే ఉంది, చూసుకోండి" అన్నారు నర్సులు.

"మీరు చెప్తే ఎట్లాగమ్మా? పేషెంటెవరైనా చెప్పాలి. పేరు, ఊరు లేకుండా రాస్తే మా ఆఫీసులో వెయ్యరు" అన్నాడు విలేఖరి.

నాతోపాటు మందు మింగి వచ్చినవాళ్ళందరూ తలలు దించుకున్నారు. వాళ్ళకీ నాలాగే ఇళ్ళున్నాయి, వీధులున్నాయి. సిస్టర్‌కి నా పేరు తెలుసు, ఊరు తెలుసు. నా వైపు ఒక్క చూపు చూసినా చాలు. చూడలేదు. కావాలనే అటు తిరిగి కూర్చుంది. అది చూశాక నేను ఉండబట్టలేకపోయాను.

"రాసుకోండి" అన్నాను. "రజియా. తెనాలి. జాకెట్లు కుడతాను. నాకు టీబీ. ఇప్పుడే ఆ గదిలో మందు మింగాను. మొన్న నేను రాకపోతే ఈ సిస్టరు తెనాలి వచ్చి మరీ మింగించింది. మందులు లేవని అన్నాయన పేరు కూడా నా పేరు పక్కనే రాయండి." పెద్దమనిషి మెల్లగా గేటు వైపు నడిచాడు.

సిస్టర్ నన్ను తిట్టింది. "నీ పని పోతే ఏం చేస్తావే?" అని తిడుతూనే నా రెండు చేతులూ వదల్లేదు. "పెట్టె తెనాలికి మార్చెయ్యండి. ఇక దాచేదేముంది" అన్నాను.

పేపర్లో చిన్న ముక్కే వచ్చింది. చూడాల్సినవాళ్ళందరూ చూశారు. కొందరు గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు. ఒకావిడ నేను కుట్టిచ్చిన జాకెట్టు మా గుమ్మంలో పడేసి వెళ్ళింది. ఆ నెల షాపులో ఈగలు తోలుకున్నాను, మా ఆయన మీద విసుక్కున్నాను. కానీ పొద్దున్నే అంగన్‌వాడీ టీచరు ఇంటికి నడిచి వెళ్ళి మందు మింగి వచ్చేదాన్ని. తర్వాతి స్పుటం నెగటివ్. చివరి టెస్టూ నెగటివ్. పక్కలకు వేసిన కుట్లు ఒక్కొక్కటే విప్పుకున్నాను.

ఇదంతా జరిగి నాలుగేళ్ళవుతోంది. నన్ను వదిలి వెళ్ళిన కస్టమర్లలో సగం మంది తిరిగొచ్చారు, మిగతావాళ్ళ చోటికి కొత్తవాళ్ళొచ్చారు. నర్సుల దీక్షకి దిగొచ్చి నెలనెలా జీతం ఇస్తామన్నారు, ఇస్తున్నారు. రెగ్యులర్ సంగతి చూస్తామన్నారు, చూస్తూనే ఉన్నారు. సుగుణ సిస్టర్ ఇప్పటికీ కాంట్రాక్టే. బాపట్ల వెళ్తూ తెనాలిలో బండి మారినప్పుడల్లా నా స్టూలు మీద కూర్చుని పేపరు తిప్పుతూ ప్రభుత్వాన్ని దులుపుతుంది. అలాంటి మనిషిని చట్టాలు రాసే చోట కూర్చోబెడితే బాగుంటుందని మా ఆయన అంటాడు. నేనూ అదే అంటాను.

మొన్నొకరోజు గుమ్మంలో జాకెట్టు పడేసిన ఆవిడే వచ్చింది. కొలత తీసుకుంటుంటే నా చెవిలో, "రెండు నెలల నుంచి దగ్గమ్మా. ఎవరికీ చెప్పలేదు" అంది. టేపు మెడలో వేసుకుని ఆవిడను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను.

చదివేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ఈ జబ్బుకి మందు ఎవరికీ తెలియని ఊళ్ళో మింగకండి. ఒక్క రోజు మీరు రాకపోతే వెతుక్కుంటూ ఇంటికొచ్చే మనిషి ఉన్న చోట మింగండి. చెప్పుకోవడానికి భయంగా ఉంటే మా షాపుకి రండి. ఒక జాకెట్టు గుడ్డ పట్టుకుని రండి, ఎందుకొచ్చారని ఎవరూ అడగరు.