సువార్తమ్మ పిన్ని కొంగు

ఈ మధ్యాహ్నం సీతారాండేరాలో, మా సంఘంలోని సువార్తమ్మ పిన్ని ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక జరిగింది. పిన్నికి మూడు నెలలుగా క్యాన్సర్ మందులు ఎక్కిస్తున్నారు. ఆవిడకి చెప్పాల్సిన ఓదార్పు మాటలు కాగితం మీద రాసుకుని, మేముండే మాంగో పేట నుంచి ఆటోలో దారంతా వల్లించుకుంటూ వెళ్ళాను.

తీరా చూస్తే, సూదులు గుచ్చి నల్లబడిన చేతులతో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడుతున్నది పిన్నే. మూడో పాటలో ఆవిడ తలమీది కొంగు జారిపోయింది. జుట్టంతా ఊడిపోయిన ఆ తల చూడగానే మా పాట ఆగిపోయింది. నేను గబగబా కొంగు సర్దాను. అది మళ్ళీ జారింది.

"ఒగ్గీయే, జుట్టు నేకపోతే కొంగు నిలుత్తాదేటి?" అని నవ్వింది పిన్ని. "మన తలెంటికలు కూడా దేవుడు లెక్కెట్టాడని పాస్టర్ గారు చెప్తారు కదా. నాకాడ ఆయనకి ఇప్పుడు ఛుట్టీ. మల్లీ మొలిసినప్పుడు ఒకటి నుంచి లెక్కెట్టుకుంతాడు."

నవ్వాలో ఏడవాలో మాకు తెలియలేదు. "పాట ఆపీసారేటి?" అంటూ పిన్నే మళ్ళీ ఎత్తుకుంది.

నా కాగితం సంచిలోంచి బయటికే రాలేదు. ప్రార్థన జరిగినంతసేపూ వెనక కూర్చుని, ఆవిడ తలమీంచి కొంగు జారకుండా పట్టుకున్నాను. అంతే నేను చేసింది.

ఆ ఓదార్పు మాటలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. ఎవరికైనా పనికొస్తాయంటే చెప్పండి. పిన్నికైతే అక్కర్లేదు.