చెవితో నడిపిన బస్సు

మా ఆయన పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్లలో సగం మంది ఆయన తోలిన బస్సెక్కి తిరిగినవాళ్లే. "మీవారి బస్సులో కడుపులో చల్ల కదిలేది కాదమ్మా" అని అందరిదీ ఒకటే మాట. అందులో పొగడ్త లేదు. ఉన్నదే అన్నారు. ఆయన బస్సులో నిలబడ్డ ముసలమ్మ కూడా కమ్మీ వదిలేసి కొంగు సర్దుకునేది. ఆ గొప్ప బ్రేకుది కాదు, ఆయన కుడికాలిది.

ఆ కాలు చేసే పనేమిటో పెళ్లైన కొత్తలోనే నాకు చెప్పారు. డీజిలు ఇంజను గాలిని తనకు కావలసినంత పీల్చుకుంటుంది, దానికి మనం తలుపులు వేసేదీ తీసేదీ ఉండదు. పెంచినా తగ్గించినా డీజిలు చుక్కనే. కాలి కింద పెడల్, పెడల్‌కు ఒక కడ్డీ, కడ్డీ చివర పంపు. పెడల్ నొక్కితే ఆ కడ్డీ పోయి పంపు లోపల పళ్లున్న ఒక పట్టీని జరుపుతుంది. పట్టీ ఎంత జరిగితే సిలిండర్లలోకి అంత డీజిలు. కాలు ఎత్తేస్తే ఇంజను ప్రాణం నిలుపుకునేంత మాత్రం పంపు తనంతట తానే పోస్తుంది. ఇంజను మరీ పేట్రేగితే కళ్లెం వేసేదీ అదే.

"అంటే పొయ్యి మీద పాలు పెట్టి, మంట ఎగదోస్తూ తగ్గిస్తూ నిలబడ్డట్టు" అన్నాను.

"నీకు లైసెన్సు ఇప్పించొచ్చే" అన్నారు.

షుగరు వచ్చిందని డాక్టరు చెప్పాక ఇంట్లో కాఫీలో చక్కెర మానేశారు. బస్టాండులో తాగే కాఫీలో మానలేదు. ఆ సంగతి పొట్టి కండక్టరు చెప్పాడు. ఆయన బస్సులో చాలాకాలంగా టిక్కెట్లు కొట్టినవాడు. నేనంటే వాడికి భయం, అందుకని నా దగ్గర నిజాలే చెబుతాడు.

ఒకరోజు పొద్దున నేల తుడుస్తున్నాను. స్నానాల గది నుంచి గుమ్మం దాకా ఎర్రటి మరకలు. వాటి వెంటే వెళితే ఆయన అద్దం ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. మడమలో గాజుపెంకు దిగబడి ఉంది.

"ఎవరిదే ఈ రక్తం?" అని ఆయనే నన్ను అడిగారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన అరికాలికేమో మంటే తెలియలేదు.

"ఎన్నాళ్లుగా ఇలా?"

"ఏడాది అయ్యుంటుంది. మొదట్లో తిమ్మిరి. తర్వాత అదీ లేదు."

"మరి బస్సెవరు తోలుతున్నారండీ, దయ్యాలా?"

"చెవి" అన్నారు. "ఇంజను నా పక్కనే కదే. కాలు ఇంత వేస్తే అది అంత గొంతెత్తుతుంది. దాని గొంతును బట్టి నా కాలెక్కడుందో నాకు తెలిసిపోతుంది. బ్రేకంటావా, ఒళ్లే ముందుకు తూలి చెబుతుంది."

"డిపోలో మిమ్మల్ని పరీక్ష చేసేవాళ్లకు కళ్లు లేవా?"

"నా కళ్లు చూశారు. చెవులు చూశారు, చెవులు బ్రహ్మాండమన్నారు. అరికాలు ఎవరూ అడగలేదు."

"దిగిపోండి. ఇవాళే దిగిపోండి. మీ వెనక కూర్చునేవి బస్తాలు కావు, మనుషులు."

"చెవి చెప్పని రోజున దిగుతాను. ఒట్టు."

ఎంత దెబ్బలాడినా అంతకంటే ఒక్క మెట్టు దిగలేదు. బస్సు దిగితే ఆయనకు ఇంకేం మిగులుతుంది? అది నాకూ తెలుసు. ఆ రోజు నుంచీ ఆయన ఇల్లు చేరేదాకా నేను వీధి గుమ్మం వదిలేదాన్ని కాదు.

అలా ఉండగా డిపోకు కొత్త బస్సులు వచ్చాయి. ముందంతా అద్దాలు, లోపల చల్లగాలి, ఇంజను ఎక్కడో వెనక. నేర్పడానికి ఒక ఇంజనీరబ్బాయి వచ్చాడు, మర్యాదస్థుడే. మొదటిరోజు పాఠం విని, బండి తోలి చూసి వచ్చి మా ఆయన చొక్కా కూడా విప్పకుండా కూలబడ్డారు.

"కడ్డీ లేదే" అన్నారు.

"ఏ కడ్డీ?"

"పెడల్‌కు. తీగ ఉంది. కాలు ఎంత నొక్కిందో ఆ తీగ పోయి ఒక పెట్టెకు చెబుతుందట. ఆ పెట్టె ఇంజను వేడి చూసుకుని, గాలి ఎంతొస్తోందో చూసుకుని, పొగ రాకుండా లెక్క కట్టుకుని, అప్పుడు వదులుతుందట డీజిలు. ఇన్నేళ్లూ నేను పోసేవాణ్ణి. ఇక అడగాలి."

"అడగందే అమ్మైనా పెట్టదు. అడిగితే మీ సొమ్మేం పోయింది?"

ఆయన నవ్వలేదు. "అడుగుతున్నానో లేదో నాకు తెలియడం లేదే. దాని గొంతు నా దాకా రాదు. వచ్చేలోపు బండి కదిలిపోతోంది."

మిగతాది మర్నాడు పొట్టి కండక్టరు చెప్పాడు. "డిపో ఆవరణలోనే వదినా. కాలు తీసేయండి బాబాయ్ అని ఆ అబ్బాయి అరుస్తున్నాడు. తీసేశానుగా అంటాడు అన్న. బండి పోయి గుర్తుకు పెట్టిన డ్రమ్మును పచ్చడి చేసింది. ఆ అబ్బాయి వేళాకోళం అనుకుని నవ్వాడు. నేను నవ్వలేదు."

ఆ సాయంత్రం ఆయన కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నారు. "ఇలా రా. నీ అరచెయ్యి నా కాలి కింద పెట్టు" అన్నారు.

నేల మీద కూర్చుని పెట్టాను.

"ఇది బయలుదేరడం" అన్నారు. పాదం బరువుగా దిగింది. "ఇది బజారు, మెల్లగా పోవాలి" అన్నారు. బరువు అంతే ఉంది. "ఇది ఎత్తు, బాగా ఇవ్వాలి." నా వేళ్ల కణుపులు నేలకు అదుముకున్నాయి. "ఇదిగో స్టాపు. కాలు తీసేశాను" అన్నారు. ముఖం ఎంత నెమ్మదిగా ఉందో! జనం దిగుతున్నారు, ఆయన ఎదురుచూస్తున్నారు, అలా ఉంది.

"తీశానా?"

నేను ఆయన ముఖం వైపే చూస్తున్నాను.

"చెప్పవే. తీశానా?"

"లేదండీ. నా వేళ్లు నలిగిపోతున్నాయి."

కళ్లు తెరిచి చూశారు. వంగి, రెండు చేతులతో తన కాలిని ఎత్తి పక్కన పెట్టారు, పరాయివాళ్ల సామాను జరిపినట్టు. తర్వాత నా వేళ్లు చేతిలోకి తీసుకుని చాలాసేపు నిమిరారు. ఒట్టు సంగతి నేను ఎత్తలేదు. ఎత్తే అవసరం రాలేదు.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని డిపోకు వెళ్లారు. తుక్కుకు అమ్మడానికి గోడ వార నిలబెట్టిన తన పాత బస్సెక్కి, స్టార్టు చేసి, ఒక్కసారి గొంతెత్తించి విన్నారట. ఆపేసి, దిగి, తిన్నగా మేనేజరు గదికి వెళ్లి "నా కాలు నాకు తెలియడం లేదండీ" అన్నారట.

గేటు తీసే పని ఇచ్చారు. "గురువు గేటు దగ్గర ఉంటే ఏ డ్రైవరూ గట్టిగా తొక్కడు వదినా, సిగ్గు" అనేవాడు కండక్టరు. అది నన్ను ఓదార్చడానికి అన్నాడో నిజమో మరి.

ఆ గేటు దగ్గరే కుడికాలికి బూటు కొరికి పుండైంది. రోజూ సాయంత్రం నేను పాదం తిప్పి చూసేదాన్ని, అయినా వేళ్ల సందున మొదలైంది కంటపడలేదు. వేలు నల్లబడింది. వేలు తీశారు, ఆగలేదు. మోకాలి కింద దాకా తీసేశారు.

ఆస్పత్రి నుంచి వచ్చాక కిటికీ దగ్గర కుర్చీ వేశాను. ఒక మధ్యాహ్నం మలుపులో బస్సు వెళుతుంటే ఆయన తొడ బిగుసుకుంది.

"ఏమే, ఇలా రా."

"మంచినీళ్లా?"

"పెడల్ తెలుస్తోందే" అన్నారు. కళ్లు మెరుస్తున్నాయి. "బొటనవేలి కింద. రబ్బరు అరిగిన చోటు గరుకు కూడా తెలుస్తోంది."

మడిచి పిన్నీసు పెట్టిన పంట్లాం వైపు చూశాను. కాలున్నన్నాళ్లూ చెప్పని కబురు, కాలు పోయాక వచ్చింది. నేల మీద కూర్చుని, పాదం ఉండాల్సిన చోట అరచెయ్యి పెట్టాను.

ఆయన కళ్లు మూసుకున్నారు. బజారు దాటించారు. ఎత్తు ఎక్కించారు.

"స్టాపు. తీశానా?"

"తీశారండీ."

"అందరూ దిగారా?"

"దిగారు" అన్నాను.